హైమవతి సంతకం పెట్టిన బాల్కనీ

నా భార్య హైమవతి ఒక్కచోట కూర్చోదు. కూర్చున్నట్టు కనిపిస్తుంది గానీ, కళ్ళు మాత్రం ఏ గోడ మూలకో, ఏ కిటికీ చట్రానికో తిరుగుతుంటాయి. పెళ్ళైన కొత్తలో మా పిన్ని కూతురి పెళ్ళికని అమీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాలుకి వెళ్ళాం. అందరూ తలంబ్రాలు చూస్తుంటే ఈవిడ వెనక్కి జరిగి, గోడకున్న టైల్స్‌ని వేలి కణుపులతో తట్టి చూస్తోంది. "ఈ వరసంతా డొల్లండీ" అంది నా చెవిలో, పెళ్ళికొడుకు గుట్టేదో బయటపెడుతున్నట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికింకా నాకు అలవాటు కాలేదు.

ఆవిడ సివిల్ ఇంజనీరు, సోమాజిగూడలో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తుంది. ఇల్లు కట్టించుకునేవాళ్ళు, కట్టేవాడి మీద ఒక కన్నేసి ఉంచడానికి వీళ్ళని పెట్టుకుంటారు. పునాది తవ్వకం నుంచి కుళాయి బిగింపు దాకా ప్రతి పనికీ ఒక చెక్‌లిస్టు ఉంటుంది. హైమవతి వెళ్ళి, ఒక్కొక్క అంశం కళ్ళతో చూసి, టేపుతో కొలిచి, సరిగ్గా ఉంటే టిక్కు పెడుతుంది. చివర ఆమె సంతకం పడితేనే తర్వాతి పని మొదలవ్వాలి. ఆ వృత్తిలో చాలామంది టీ తాగుతూ పైనుంచి కిందిదాకా ఒకేసారి టిక్కులు కొట్టేస్తారట. ఈవిడకి అది చేతకాదు. అదేదో గొప్పతనమని నేననను. అలాంటి మనిషితో కాపురం చేస్తే తెలుస్తుంది. సినిమాకి బయల్దేరితే గ్యాసు కట్టేశామా లేదా అని సగం దారిలోంచి వెనక్కి రావాలి. షేర్ ఆటో ఎక్కేముందు టైర్లు వంగి చూస్తుంది. వెనక ఎక్కాల్సినవాళ్ళు నా వైపు చూస్తారు, నేను మెట్రో స్తంభం వైపు చూస్తాను.

నేనేమో అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతాను. "దేన్నీ నమ్మకండి, పరీక్షించి చూడండి" అని రోజంతా హాస్టల్ పిల్లలకి గొంతు చించుకుని చెప్పి ఇంటికొస్తే, ఆ పాఠం నా మీదే నడుస్తుంటుంది. "కుళాయి గట్టిగా తిప్పారా? గట్టిగా అంటే ఎంత గట్టిగా?" ఇదీ వరస. మా తమ్ముడు రవికాంత్ ఆవిడకి ఇన్‌స్పెక్టర్ వదిన అని పేరు పెట్టాడు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది.

పంజాగుట్టలో మాకు పాత ఇల్లొకటి ఉండేది. నాన్నగారు కట్టించింది, ఒకే అంతస్తు. ఆయన పోయాక గోడలన్నీ చెమ్మెక్కి, వానాకాలం వస్తే గదికో గిన్నె పెట్టుకునే స్థితికి వచ్చింది. పడగొట్టి, కింద పార్కింగు, పైన ఒక్కో అంతస్తు చొప్పున కట్టుకుందామని అమ్మా, తమ్ముడూ, నేనూ అనుకున్నాం. అమ్మ పేరు జానకీదేవి. తెనాలి దగ్గర నుంచి కోడలిగా హైదరాబాదు వచ్చి జీవితమంతా ఇక్కడే గడిపినా, ఆవిడ మాటలోకి ఈ ఊరు అంగుళం కూడా రాలేదు. ఆవిడ పట్టుదల కూడా అలాంటిదే.

"ఇంట్లో ఇంజనీరు ఉండగా బయటివాళ్ళని పెట్టుకోవడం ఏంటి? హైమే చూసుకుంటుంది" అంది అమ్మ.

హైమవతి వెంటనే ఒప్పుకోలేదు. కాసేపు చీర చెంగు మడతపెడుతూ కూర్చుని, "చేస్తానత్తయ్యా. కానీ బయటి ఇళ్ళకి ఎలా చేస్తానో ఇక్కడా అలాగే చేస్తాను. తర్వాత మీరెవరూ ఏమీ అనుకోకూడదు" అంది.

"ఇంటి కోడలివి, ఏమనుకుంటామే" అని అమ్మ నవ్వేసింది. మేమందరం నవ్వాం.

మేస్త్రీ మొగిలయ్యది మహబూబ్‌నగర్ వైపు. పనిమంతుడు, మర్యాదస్తుడు. మొదట్లో హైమవతి టేపు తీసినప్పుడల్లా ఆయన ముఖం ముడుచుకునేది గానీ, పునాదులు దాటేసరికి ఆవిడ రాకముందే తనే ఒకసారి కొలుచుకోవడం మొదలుపెట్టాడు. అలా పని మొదటి స్లాబు దాకా వచ్చింది. పార్కింగు మీద పడే స్లాబు అది. సందు వైపుకి అమ్మ కోరిక మీద ఒక పెద్ద బాల్కనీ పెట్టాం.

బాల్కనీ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ రోజు గొడవ అర్థం కాదు. లోపలి స్లాబుకి నాలుగు వైపులా దూలాలుంటాయి. బాల్కనీ ముందంచు కింద ఏమీ ఉండదు, గాల్లోకి చాచిన చెయ్యిలా ఉంటుంది. దాని బరువంతా మోసేది పై వరసలో ఉండే ఇనుప కడ్డీలు. అవి పైనే ఉండాలి. కిందికి దిగిపోతే కాంక్రీటు ఎంత మంచిదైనా ఆ బాల్కనీకి పట్టుండదు. అందుకే వంచిన ఇనుప ముక్కల్ని కుర్చీల్లా చేసి ఆ కడ్డీల కింద పెడతారు. కాంక్రీటు పడ్డాక ఇక లోపల ఏముందో చూడటం మామూలుగా ఎవరి తరమూ కాదు.

స్లాబు పోసే ముహూర్తం మర్నాడు పొద్దున. ముందురోజు సాయంత్రం హైమవతి చెక్‌లిస్టు పట్టుకుని ఎక్కింది. స్లాబు కోసం పరిచిన చెక్కలు, వాటి కింద ఊతాలు, కరెంటు పైపులు, దూలాల ఇనుము అన్నీ చూసింది. బాల్కనీ దగ్గర కడ్డీల మీద చెక్క పలక వేసుకుని కూర్చుని కడ్డీ కడ్డీకీ టేపు పెట్టింది. చెదిరిన కుర్చీలు మార్పించింది. చీకటి పడకముందే సంతకం పెట్టి దిగింది. ఆ సాయంత్రం మేమున్న అద్దింటికొచ్చాక ఆవిడ నిజంగానే కూర్చుంది. టీవీ వైపు కాళ్ళు చాపుకుని, బఠాణీలు నములుతూ, దేన్నీ తట్టి చూడకుండా. చూడటానికి నాకు ముచ్చటేసింది.

మర్నాడు ఆవిడకి పొద్దున్నే ఎర్రమంజిల్ దగ్గర ఇంకో ఇంటి పని ఉంది. "ముహూర్తానికి అందుకుంటాను" అని వెళ్ళింది. నేను సందు చివర ఉన్నాను. ఎవరో మలుపులో కారు పెట్టేసి పోయారు, కాంక్రీటు కలిపి తెచ్చే రెడీమిక్స్ లారీ తిరగడం లేదు. ఆ కారు ఎవరిదో కనుక్కోవడానికి గేటు గేటుకీ తిరుగుతున్నాను. పైన పూజ జరుగుతోంది. ఈశాన్యం మూల కొబ్బరికాయ కొట్టారు. కడ్డీలకి పసుపు కుంకుమ పెట్టారు. ప్లాను కాగితానికీ బొట్టు పెట్టి, హైమవతి సంతకం చేసిన చెక్‌లిస్టుకీ బొట్టు పెట్టి, రెండూ దేవుడి పటం ముందు ఉంచింది అమ్మ. మాకు కొత్త బండైనా, కొత్త మిక్సీ అయినా బొట్టు లేకుండా మొదలవదు. అంతవరకూ బాగానే ఉంది.

అప్పుడు మా రవికాంత్‌కి ఫోటో తియ్యాలనిపించింది. "అందరూ బాల్కనీ వైపు రండి, వెలుతురు బాగుంది. వెనక మెట్రో కూడా పడుతుంది" అన్నాడట. అమ్మ, పిన్ని, అత్తయ్యలు, వాళ్ళ కోడళ్ళు, అందరూ పట్టుచీరలతో వెళ్ళి ఆ కడ్డీల మీద నిలబడ్డారు. వెనకున్నవాళ్ళు ముందుకి, పొడుగ్గా ఉన్నవాళ్ళు వెనక్కి. ఒకరు కళ్ళు మూశారని ఇంకోటి, పంతులుగారు పడలేదని ఇంకోటి. ఎవరి మనసులోనూ చెడు లేదు. ఇల్లు కట్టుకుంటున్న సంతోషం అది.

హైమవతి వచ్చేసరికి లారీ గేటు ముందుకొచ్చింది, పంపు గొట్టం పైకి లేచింది. నేనూ ఆవిడ వెనకే మెట్లెక్కాను. ఎక్కీ ఎక్కగానే ఆవిడ చూపు బాల్కనీ మీద పడింది. కడ్డీల మధ్య బంతిపూల రేకులు నలిగి ఉన్నాయి.

"ఇక్కడ ఎవరు నిలబడ్డారు?" అని అడిగింది.

అందరూ కాబట్టి ఎవరూ కాదు. ఆవిడ పలక జరుపుకుని కూర్చుని టేపు దించింది. ఒకచోట, ఇంకోచోట, ఇంకోచోట. కుర్చీలు చాలావరకు చదునైపోయాయి, పైన ఉండాల్సిన కడ్డీలు బాగా దిగిపోయాయి. ఆవిడ లేచి నిలబడింది.

"మొగిలయ్యగారూ, పంపు ఆపించండి."

"ఏం కాదు మేడమ్. పోస్తున్నప్పుడు కొక్కెంతోని పైకి లేపుకుంట పోతం. అంతట గిట్లనే చేస్తరు. ఫికర్ చెయ్యకున్రి."

"లేపినవి మళ్ళీ దిగిపోతే కాంక్రీటులో ఎవరు చూస్తారు?"

"నిన్న మీరే చూసి సంతకం పెట్టిన్రు గద మేడమ్."

"నేను సంతకం పెట్టింది నిన్నటి ఇనుముకి. ఇది నేను చూసిన ఇనుము కాదు" అంది హైమవతి. నేరుగా దేవుడి పటం దగ్గరికి వెళ్ళి చెక్‌లిస్టు చేతిలోకి తీసుకుంది. పెన్ను తీసింది.

"ఆగు హైమా" అంది అమ్మ. "బొట్టు పెట్టిన కాగితం అది. దేవుడి ముందు పెట్టింది. కొట్టేస్తావా?"

"బొట్టు మీద గీయనత్తయ్యా. పక్కన గీస్తాను."

గీసేసింది. సంతకం మీద అడ్డంగా ఒక గీత, దాని కింద తేదీ. మా పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శుభమా అని ఇల్లు మొదలుపెడుతుంటే సొంత కోడలే కొట్టివేత గీత గీసిందని ఆవిడ బాధ. ఆ బాధ అబద్ధం కాదు. నాకు మాత్రం అందరి మీదా కోపం వచ్చింది. ఫోటో తీసినవాడి మీద, తొక్కినవాళ్ళ మీద, ఒక్క పది నిమిషాలు చూసీచూడనట్టు ఊరుకోలేని ఈ మనిషి మీద కూడా.

"ముహూర్తం దాటిపోతోందమ్మా" అన్నారు పంతులుగారు.

"ముహూర్తం పోదు" అంది హైమవతి. "ఈశాన్యంలో మొదటి కాంక్రీటు పోయించండి, అక్కడంతా సరిగ్గానే ఉంది. బాల్కనీ దగ్గరికి వచ్చేలోపు ఈ ఇనుము పైకి రావాలి. రాకపోతే అక్కడ ఆపేస్తాను."

"నడుమ ఆపితే ఆడ అతుకు పడ్తది మేడమ్. అది సుత మంచిది కాదు" అన్నాడు మొగిలయ్య.

"అందుకే ఆపే అవసరం రాకూడదు. కడ్డీలు కట్టే మీవాళ్ళు ఎక్కడున్నారు?"

వాళ్ళు ప్రసాదం తిని అమీర్‌పేటలో ఇంకో బిల్డింగు మీదికి వెళ్ళిపోయారు. మొగిలయ్య ఫోన్ అందుకున్నాడు. ఈశాన్యంలో కాంక్రీటు పడింది. అమ్మ దాని మీద నాలుగు పూలు వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా దిగిపోయింది. చుట్టాలందరూ ఆవిడ వెనకే దిగారు.

గొట్టంలోంచి బూడిదరంగు ముద్ద పడుతోంది, కూలీలు పారలతో సర్దుతున్నారు, కాంక్రీటును కుదిపే వైబ్రేటరు రొద చేస్తోంది, ఆ ముద్ద గది దాటి గదిలోకి జరుగుతూ మా వైపే వస్తోంది. లారీలో ఉన్నది గట్టిపడకముందే పోసెయ్యాలి కాబట్టి దాన్ని ఆపమనడానికి లేదు. హైమవతి బాల్కనీ పలక మీద చతికిలబడి, చదునైన కుర్చీలు పీకేసి, కొత్తవి దూర్చి, తీగ బిగిస్తోంది. నేను కడ్డీ పైకెత్తి పట్టుకోవాలి, ఆవిడ కట్టాలి. "పలక మీద నిలబడండి, ఇనుము మీద కాదు" అని నన్ను కసిరింది. ఆవిడ వేళ్ళు తీగకి కోసుకుని రక్తం వస్తోంది. నేను చెబితే చూసుకుంది, చున్నీకి తుడుచుకుంది, మళ్ళీ మొదలుపెట్టింది.

సగం కూడా కాలేదు, ముద్ద పక్క గదిలోకి వచ్చేసింది. అప్పుడు మొగిలయ్య మనుషులు ఆటో దిగి పరుగున మెట్లెక్కారు. అందరూ కలిసి పడ్డారు. చివరి కడ్డీ కడుతుండగానే గొట్టం దూలం దాకా వచ్చేసింది. హైమవతి లేచి గొట్టానికి ఎదురుగా నిలబడింది.

"జర ఆపురా భాయ్" అని మొగిలయ్యే అరిచాడు. "మేడమ్ కొలవనీ."

ఆవిడ మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచింది. కొట్టేసిన సంతకం కింద కొత్త సంతకం పెట్టింది. అప్పుడు పక్కకి జరిగింది. కాంక్రీటు బాల్కనీని కప్పేసింది.

అంతటితో అయిపోయిందని నేననుకున్నాను. హైమవతికి కాలేదు. వైబ్రేటరు తగిలినప్పుడు ఏ కడ్డీ అయినా జరిగి ఉంటుందేమో, ఆ మూల కట్టు గట్టిగా పడిందో లేదో. మిగతా చెక్కలు విప్పాక కూడా బాల్కనీ కింద ఊతాలు చాలా రోజులు ఉంచింది. విప్పిన రోజు ముందంచుకి దారం కట్టి చూసింది, ఏమీ వంగలేదు. అయినా అటు వెళ్ళినప్పుడల్లా కింద నిలబడి తలెత్తి చూసేది. "ఇంకెన్నాళ్ళు చూస్తావే?" అని విసుక్కునేవాణ్ణి. "ఊరికేనండీ" అనేది.

అమ్మ కూడా మర్చిపోలేదు. తిట్టలేదు, అంతకంటే కష్టం, మర్యాదగా ఉండటం మొదలుపెట్టింది. "మీ ఆవిడకి చెప్పు, కాఫీ కలిపాను" అని హైమవతి ఎదురుగానే నాతో అనేది. ఫోనులో చుట్టాలతో, "పూజయ్యాక లోపం వెతికే కోడలు నాకే దొరికింది" అనడం నేను విన్నాను, హైమవతీ వింది. రెండో స్లాబు రోజు మొగిలయ్య మెట్ల పైన తాడు కట్టేశాడు. "పూజ గీడనే చేస్కోన్రి అమ్మా, మీదికి ఎవ్వలు పోవద్దు" అన్నాడు. అమ్మ ఏమీ అనకుండా మెట్ల మలుపులోనే కొబ్బరికాయ కొట్టింది.

గృహప్రవేశం అయింది. అమ్మ, తమ్ముడు కుటుంబం మొదటి అంతస్తులోకి, మేము పైకి చేరాం. ఆ తర్వాత వచ్చిన నిమజ్జనం రోజున అమ్మ చుట్టాలందరినీ పిలిచింది. మా సందు గణపతి మధ్యాహ్నం బయల్దేరి ఇంటి ముందు నుంచే మెయిన్ రోడ్డుకి వెళ్తాడు. కొత్త బాల్కనీలోంచి చూడాలని ఆవిడ సరదా. పులిహోర గిన్నెలు, పిల్లలు, ముసలివాళ్ళు, చేటల్లో పూలు. అందరూ బాల్కనీలో చేరారు. ఒకరి భుజాల మీదుగా ఒకరు వంగి చూస్తున్నారు. డప్పులు దగ్గరవుతున్నాయి. నేను చుట్టూ చూశాను. హైమవతి లేదు.

వంటింట్లో లేదు, మా ఇంట్లోనూ లేదు. ఇంత సందడిలో ఎక్కడికి పోయిందని తిట్టుకుంటూ కిందికి దిగాను. గేటు ముందు, సరిగ్గా బాల్కనీ కింద నిలబడి ఉంది. అక్కడ నీడలో బండి పెట్టుకున్న పల్లీలాయన్ని బతిమాలి అవతలికి పంపించింది. గోడ వారన నిలబడిన ఇద్దరు ముసలమ్మల్ని కూడా జరిపింది. తను మాత్రం తలెత్తి కప్పు వైపు చూస్తోంది.

"అందర్నీ జరిపి నువ్వెందుకు నిలబడ్డావు?"

"ఎక్కడైనా పగులు గీత పడుతుందేమో చూస్తున్నానండీ. పడితే అరుస్తాను, పైనవాళ్ళు లోపలికి పరిగెత్తుతారు."

"మరి నువ్వు?"

కళ్ళు కప్పు మీంచి తియ్యలేదు.

"సంతకం నాది కదండీ" అంది.

ఇన్నేళ్ళుగా ఆవిడ చాదస్తం మీద నేనేసిన జోకులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నాకు భయం వేసింది, కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెయ్యి పట్టుకుని లాగుదామనుకున్నాను. లాగితే రాదని తెలుసు. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

పైనుంచి అమ్మ రెయిలింగు మీదుగా వంగింది. "వంశీ, ఎక్కడున్నార్రా ఇద్దరూ? వచ్చేస్తున్నాడు" అంది. అప్పుడు మమ్మల్ని చూసింది. తలెత్తి నిలబడ్డ హైమవతిని చూసింది. తర్వాత తన కాళ్ళ కింద నేల వైపు చూసుకుంది. మా అమ్మ తెలివితక్కువది కాదు. సందు మలుపులో గణపతి కిరీటం కనిపించింది, జనం జేజేలు కొట్టారు.

"అందరూ లోపలికి నడవండి" అంది అమ్మ. "కిందికి వెళ్ళి చూద్దాం."

"ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది కదమ్మా" అన్నాడు రవికాంత్.

"నీకు కనిపిస్తుంది. కిందున్న పిల్లకి ఈ కప్పు తప్ప ఇంకేమీ కనిపించట్లేదు. నడువు."

మెట్ల మీద అడుగుల చప్పుడు. చుట్టాలందరూ దిగి రోడ్డు మీదికి వచ్చారు. మోకాళ్ళ నొప్పితో అమ్మ అందరికంటే ఆఖరున దిగింది. తిన్నగా హైమవతి దగ్గరికి వచ్చి, మోచెయ్యి పట్టుకుని, బాల్కనీ కింద నుంచి ఎండలోకి నడిపించుకుపోయింది. హైమవతి నడుస్తూనే వెనక్కి తిరిగి, ఖాళీ అయిన బాల్కనీ వైపు ఇంకోసారి చూడబోయింది. అమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖం ముందుకి తిప్పింది.

"అటు కాదే హైమా, ఇటు చూడు" అంది. "దేవుడొస్తున్నాడు."